కాలు ఊడకముందే ఓడిపోయిన రౌండ్లు: హాఫ్ గార్డ్ మీద ఎనిమిది వారాల కేస్ స్టడీ

ఫిర్యాదు ఒక్క మాటలో తేలిపోయింది: "సైడ్ కంట్రోల్ పడిందంటే ఇక లేవలేకపోతున్నాను." సైడ్ కంట్రోల్ అంటే పైవాడు కాళ్లు దాటి వచ్చి, పక్క నుంచి ఛాతీతో అదిమి పెట్టడం. చెప్పినవాడు బ్రెజిలియన్ జియు-జిట్సులో బ్లూ బెల్ట్. వయసు 39, బరువు 68 కిలోలు, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంటన్నర, ఎక్కువగా గి (బెల్టుతో కట్టుకునే మందపాటి సాధన దుస్తులు) వేసుకునే. జతగాళ్లలో సగం మంది ఇతనికంటే పది, పదిహేను కిలోలు బరువు. పోటీకి దిగే ఆలోచన ఉంది కాబట్టి లెక్కంతా ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) నియమాల ప్రకారమే: ఇతని వయసువాళ్ల మాస్టర్ 2 విభాగం, బౌటు 5 నిమిషాలు.

ఎస్కేపులు తెలియక కాదు. బ్రిడ్జ్ కొట్టి (తుంటిని పైకి ఎగరేసి), తుంటి వెనక్కి లాక్కుని, మోకాలు లోపలికి దూర్చేది ఒకటి. అండర్‌హుక్ తీసుకుని (పైవాడి చంక కిందుగా చెయ్యి దూర్చి) మోకాళ్ల మీదికి తిరిగేది ఇంకొకటి. డ్రిల్‌లో రెండూ శుభ్రంగా వస్తాయి, రోలింగ్‌లో (నిజమైన పోరులాంటి సాధనలో) రెండూ రావు. ఇలాంటి వాళ్లకి సాధారణంగా మూడో ఎస్కేపు నేర్పుతారు, అది కూడా రాకపోతే నాలుగోది. ఇతనికీ అంతకుముందు అదే జరిగింది. పట్టుల జాబితా పెరిగింది, కింద పడి ఉండే సమయం మాత్రం తగ్గలేదు.

వెనక్కి తిప్పి చూస్తే

రెండు వారాల రోలింగ్‌ని మ్యాట్ మూల నుంచి ఫోనుతో తీసి, వెనక నుంచి ముందుకి చూశాం. సైడ్ కంట్రోల్ ఖాయమైన చోట ఆపి, అక్కడి నుంచి వెనక్కి జరుపుకుంటూ, ఇద్దరికీ సమానంగా అవకాశం ఉన్న ఆఖరి క్షణం ఎక్కడుందో వెతకడమన్నమాట. ఆ క్షణంలో నాలుగు సంగతులే రాసుకున్నాం. కిందివాడు పక్కకి తిరిగి ఉన్నాడా, వెల్లకిలా ఉన్నాడా? ముఖం ఎటు ఉంది? ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఎవరి చెయ్యి ఉంది? కాళ్లు ఏం చేస్తున్నాయి? పట్టుల పేర్లు రాయలేదు. పేరు రాయగానే కళ్లు ఆ పట్టునే చూస్తాయి, మిగతాది చూడవు.

దాదాపు ప్రతి రౌండులోనూ ఒకే వరస. గార్డ్ అంటే కిందివాడు కాళ్లతో పైవాడిని అడ్డుకునే స్థితి; కాళ్లు మెలేయకుండా పెట్టేది ఓపెన్ గార్డ్. ఓపెన్ గార్డ్‌లో పాదం పైవాడి తుంటి మీంచి జారుతుంది. పైవాడు నీ కట్‌తో (ఇక్కడ 'నీ' అంటే ఇంగ్లీషులో మోకాలు; మోకాలితో కోసుకుంటూ గార్డ్ దాటే పద్ధతి) మోకాలు మధ్యలోకి దింపుతాడు. మనవాడు చటుక్కున ఆ కాలిని రెండు కాళ్ల మధ్య బిగిస్తాడు, హాఫ్ గార్డ్ అయ్యింది. అక్కడ ఊపిరి తీసుకుంటాడు. తప్పంతా ఆ ఊపిరి తీసుకునే చోటే ఉంది. ఆ రెండు మూడు సెకన్లలో పైవాడి చెయ్యి తల కిందికి వచ్చి, భుజం దవడకి ఆనుతుంది. క్రాస్‌ఫేస్ పడింది, ముఖం పక్కకి తిరిగింది, వీపు మ్యాట్‌కి అతుక్కుంది. కాలు ఇంకా చిక్కే ఉంది కాబట్టి గార్డ్ ఉందనే ఇతని నమ్మకం. పైవాడు తీరిగ్గా మోకాలు ఊడదీసుకుంటాడు. అప్పుడు, కాలు ఊడిన తర్వాత, ఇతను పోరాటం మొదలుపెడతాడు.

అంటే జబ్బు సైడ్ కంట్రోల్‌ది కాదు. ముఖం తిరిగిపోయి, రెండు భుజాలూ నేలకి ఆనిన మనిషికి ఏ ఎస్కేపూ పనిచెయ్యదు. అవే ఎస్కేపులు డ్రిల్‌లో పనిచేయడానికి కారణం, జతగాడు అంత బిగువుగా క్రాస్‌ఫేస్ పెట్టకపోవడమే.

పాయింట్ల లెక్క కూడా ఇదే చెబుతుంది. గార్డ్ పాస్‌కి (కాళ్లు దాటడానికి) 3, నీ ఆన్ బెల్లీకి (పొట్ట మీద మోకాలు పెట్టడానికి) 2, మౌంట్‌కి (మీద ఎక్కి కూర్చోవడానికి) 4. మూడు సెకన్లు నిలబెట్టుకుంటే చాలు. ఒక్క క్రాస్‌ఫేస్‌ని వదిలేస్తే అదే ఊపులో 7 పాయింట్లు పోవచ్చు, మధ్యలో నీ ఆన్ బెల్లీ కూడా పడితే 9. సైడ్ కంట్రోల్ నుంచి ఎంత అందంగా బయటపడి గార్డ్ పెట్టుకున్నా వచ్చేది సున్నా. 5 నిమిషాల బౌటులో ఆ తేడా పూడ్చడం చాలా కష్టం. హాఫ్ గార్డ్ నుంచి లేచి స్వీప్ చేస్తే (పైవాడిని దొర్లించి తను పైకి వస్తే) మాత్రం 2 వస్తాయి. సాధన సమయం ఎక్కడ పెట్టాలో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

మూడు అలవాట్లు

ఇక్కడి నుంచి దిశలు ముఖ్యం కాబట్టి ఒకటే అమరిక అనుకుందాం. పైవాడి కుడి కాలు చిక్కి ఉంది. కిందివాడు తన కుడి తుంటి మీద పక్కకి తిరిగి ఉండాలి. క్రాస్‌ఫేస్ చెయ్యి పైవాడి ఎడమది. అండర్‌హుక్ కోసం పోటీపడే చెయ్యి కిందివాడి ఎడమది. రెండో వైపు చేసేటప్పుడు అన్నీ తిరగేసుకోవాలి.

మొదటి అలవాటు: కుడి చెయ్యి పైవాడి నడుం చుట్టూ పోయి బెల్టు పట్టుకునేది. బెల్టు దొరికితే ధైర్యంగా ఉంటుంది, నిజమే. కానీ క్రాస్‌ఫేస్‌కి అడ్డం పడగల చెయ్యి అదొక్కటే. అది వీపు మీద ఉంటే మెడ దగ్గర కాపలా లేదు.

రెండోది: పాదాలు మెలేసి, తొడలు బిగించి పట్టుకోవడం. ఆ బిగువు పైవాడి కాలినే కాదు, తన తుంటిని కూడా కట్టేస్తుంది. తుంటి కదలకపోతే పక్కకి తిరగడం కుదరదు. హాఫ్ గార్డ్‌లో కాళ్లు పట్టుకోవడానికంటే దూరం కొలవడానికి ఎక్కువ పనికొస్తాయి.

మూడోది అసలు సమస్య. హాఫ్ గార్డ్ అంటే పాస్ అవ్వకుండా ఆగే మజిలీ అనే అభిప్రాయం. చాలాకాలం అందరిదీ అదే అభిప్రాయం. 1990ల మొదట్లో బ్రెజిల్ ఆటగాడు రొబెర్టో 'గోర్డో' కొరేయా మోకాలి గాయంతో సాధన చేస్తూ, అక్కడి నుంచే స్వీపులు పేర్చుకున్నాక గానీ దాన్ని దాడి చేసే గార్డ్‌గా చూడటం మొదలవలేదు. మనవాడు ఇంకా ఆ పాత కాలంలోనే ఉన్నాడు.

ఏం నేర్పకూడదని అనుకున్నాం

లాక్‌డౌన్, డీప్ హాఫ్ రెండింటినీ పక్కన పెట్టాం. లాక్‌డౌన్ పైవాడి కాలిని సాగదీసి నిలబెడుతుంది, కానీ వెల్లకిలా పడుకునే అలవాటున్నవాడికి ఇస్తే ఆ అలవాటే ముదురుతుంది. డీప్ హాఫ్‌లోకి (పైవాడి తుంటి కిందికి) పోవాలంటే తల స్వేచ్ఛగా ఉండాలి. క్రాస్‌ఫేస్ పడ్డాక దాని దారి మూసుకుపోతుంది, పడకముందు అయితే అంతకంటే సులువైన పనులున్నాయి. రెండూ మంచివే, ఈ మనిషికి ఈ నెలలో కాదు.

గంటన్నర క్లాసులో 25 నిమిషాలు మాత్రమే ఈ పనికి కేటాయించాం. మిగతాది అందరితో పాటు మామూలు క్లాసే.

ఒకటి, రెండు వారాలు: చెయ్యి మీద చెయ్యి

ఆట ఇలా. ఇద్దరూ హాఫ్ గార్డ్‌లో మొదలుపెడతారు, పైవాడి ఛాతీ ఇంకా కిందికి దిగలేదు. పైవాడి పని ఒక్కటే: క్రాస్‌ఫేస్ పెట్టి, ఛాతీ దింపి, మూడు సెకన్లు ఉంచడం. పాస్ చెయ్యకూడదు. కిందివాడి పని కుడి తుంటి మీద ఉండటం. స్వీప్ చెయ్యకూడదు. ఎవరి పని అయినా వెంటనే విడిపోయి మళ్లీ మొదలు. రౌండు 2 నిమిషాలు, విరామం 30 సెకన్లు, ఒక్కొక్కరికి కింద మూడు, పైన మూడు. బలం సగమే, వేగం మాత్రం నిజమైనది.

కిందివాడికి సూచనలు నాలుగు. కుడి అరచెయ్యి పైవాడి ఎడమ కండ మీద, మోచేతి మడతకి కాస్త పైన, బొటనవేలు మిగతా వేళ్లతో కలిపి కొక్కెంలా. తన మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా; చాచిన చెయ్యి అడ్డు కాదు, కిమురాకి (భుజం మెలితిప్పే పట్టుకి) ఆహ్వానం. గడ్డం లోపలికి, నుదురు అతని ఛాతీ వైపు. ఎడమ మోకాలు అతని రొమ్ముకి అడ్డంగా: అదే నీ షీల్డ్ (మోకాలి డాలు). అతను నిటారుగా ఉంటే మోకాలు ఎత్తులో, బరువేసి వంగుతుంటే తుంటి దగ్గరికి దించి.

ఇందులో జనం చేసే తప్పు ఒకటుంది. మోకాలితో తోస్తూ కూర్చుంటారు. మోకాలు తొయ్యడానికి కాదు, గడియలా అడ్డం పెట్టడానికి. దూరం కావాలంటే తన తుంటినే వెనక్కి జరపాలి. తోసేవాడి కాలు రెండో నిమిషానికల్లా అలసిపోతుంది, అడ్డంపెట్టేవాడికి ఆ బాధ లేదు.

మొదటి వారం ఒక్కో రౌండులో క్రాస్‌ఫేస్ నాలుగైదు సార్లు పడింది. కారణం బలం కాదు. చెయ్యి కండ మీద పెట్టడం ఆలస్యమవుతోంది, పైవాడి చెయ్యి తల వెనక్కి పోయాక దాన్ని వెతుకుతున్నాడు. అందుకని రెండో వారం మొదలుపెట్టే చోటు మార్చాం: నీ కట్ మోకాలు మ్యాట్‌ని తాకే క్షణం నుంచి. మోకాలు దిగడం కనిపించగానే చెయ్యి కండ మీదికి వెళ్లాలి, కాళ్లు బిగించడం తర్వాత. ఈ క్రమం ఒక్కటి తిరగబడితే మిగతాదంతా తిరగబడుతుంది. రెండో వారం చివరికి మొత్తం ఆటలో మారింది ఇదే, అయినా తేడా పైనున్న జతగాళ్లకే ముందు తెలిసింది.

మూడో వారం: ప్లాను తప్పిన చోటు

అడ్డుకోవడం వచ్చింది కదా అని అండర్‌హుక్ చేర్చాం. తొందరపడ్డాం. సూచన "ఎడమ చెయ్యి చంక కిందికి దూర్చు" అని ఉంది, అతను అక్షరాలా అదే చేశాడు. చెయ్యి లోతుగా వెళ్లింది, తల మ్యాట్ మీదే ఉండిపోయింది. కుడి చెయ్యి కండని వదిలేసింది, ఎందుకంటే చూపంతా ఎడమ చేతి మీదే. పైవాడు ఆ చేతి మీదుగా తన చెయ్యి చుట్టి విజర్ బిగించి బరువు దించగానే మళ్లీ వెల్లకిలా. ఇంకా అనుభవమున్న జతగాళ్లు ఇతని ఎడమ చంక కిందుగా తమ కుడి చెయ్యి దూర్చి డార్స్ చోక్ (మెడని, చేతిని కలిపి నొక్కే పట్టు) పట్టారు. వారం రోజుల్లో అంతకుముందు నెలలో కంటే ఎక్కువ ట్యాపులు (ఓటమి ఒప్పుకుని చెయ్యి తట్టడాలు).

ఇది సాధకుడి తప్పు కాదు, సూచన తప్పు. అండర్‌హుక్ చేతి పని కాదు, తుంటి పని. తుంటి జరిగి, తల లేచి, ఆఖర్న చెయ్యి వెళ్లాలి. చెయ్యి ముందు వెళితే మెడకీ చాచిన భుజానికీ మధ్య ఖాళీ తెరుచుకుంటుంది, డార్స్‌కి కావలసింది సరిగ్గా ఆ ఖాళీయే.

సరిచేసిన వరస ఇది:

1. నీ షీల్డ్ అడ్డం ఉండగానే తుంటి ఒక జానెడు వెనక్కి.
2. కుడి చెయ్యి కండ మీదే ఉంచి, ఎడమ చెయ్యి తన ఛాతీకి రాసుకుంటూ లోపలికి. మోచెయ్యి పక్కటెముకల్ని విడవదు.
3. కుడి మోచెయ్యి మ్యాట్ మీద ఊనడం. కండని వదిలేది ఇప్పుడే, ఇంతకుముందు కాదు.
4. అదే కదలికలో కణత అతని ఛాతీకి ఆనించడం. గడ్డం కింద తల ఉంటే అతను బరువు దించలేడు.
5. ఎడమ చెయ్యి చంక కింద నుంచి వీపు మీదికి, అరచెయ్యి భుజం రెక్క కింద. మెడ చుట్టూ కాదు.
6. నీ షీల్డ్ వదిలి మోకాళ్ల మీదికి లేవడం.

మూడో మెట్టు రాకుండా ఐదో మెట్టుకి పోకూడదన్నది నియమం. "మోచేతి మీద లేచావా?" అనేది జతగాడు పైకి అనాల్సిన ప్రశ్న. లేవలేదంటే వెనక్కి వచ్చి కండ పట్టుకోవాలి. నాలుగో వారమంతా ఇదే, రౌండు 2 నిమిషాలు, పైవాడికి విజర్, డార్స్ రెండూ అనుమతి. చోక్ ప్రమాదం నిజంగా ఉంటేనే తల ఎక్కడ పెట్టాలో శరీరానికి గుర్తుంటుంది. ఆ ప్రమాదం తీసేసి చేసే అండర్‌హుక్ డ్రిల్ దండగ.

మోకాళ్ల మీదికి లేచాక ఇద్దరూ పక్కపక్కన, పైవాడి కాలు ఇంకా చిక్కే ఉంటుంది. డాగ్‌ఫైట్ అంటారు. అక్కడ రెండే నిర్ణయాలు ఇచ్చాం. విజర్ వదులుగా ఉంటే వెనక్కి తిరిగి బ్యాక్ (అతని వీపు వెనక స్థానం) తీసుకోవడం. గట్టిగా ఉండి, అతను తన బరువు మన మీదికి వేస్తుంటే రెండో మోకాలు పట్టుకుని, ఆ బరువు వచ్చే వైపే అతన్ని కిందకి దొర్లించడం. లేచి కూర్చున్నందుకు పాయింట్లు రావు, పైకి వచ్చి మూడు సెకన్లు నిలబడితేనే 2. రెండు కాళ్ల హుక్కులతో బ్యాక్ నిలబెట్టుకుంటే 4.

ఐదు, ఆరు వారాలు: అన్నీ పోయిన చోటు నుంచి

క్రాస్‌ఫేస్ పడింది, వీపు నేల మీదుంది, పైవాడి కుడి చెయ్యి కిందివాడి ఎడమ చంక కింద ఉంది. ఒక్క కాలు మాత్రం చిక్కి ఉంది. ఇక్కడి నుంచి మొదలు. రౌండు 90 సెకన్లే, ఎందుకంటే ఊపిరి ఆడదు.

ఇంతసేపూ తిట్టిన కాళ్ల మెలిక ఇక్కడ మాత్రం సరైనది. పాదాలు మెలేసి, అతని మోకాలు తన తొడల కంటే పైకి రాకుండా ఉంచాలి. మోకాలు తొడ దాటి పొట్ట మీదికి వస్తే కథ అయిపోయినట్టే. తర్వాత ఎడమ మోచేతిని లోపలికి లాక్కోవాలి. చేతి బలంతో లాగితే రాదు. చిన్న బ్రిడ్జ్, అతన్ని తన తల వైపుకి ఎత్తేలా. బరువు ముందుకి తూలిన అరసెకనులో మోచెయ్యి లోపలికి. ఇప్పుడు ఎడమ ముంజెయ్యి అతని మెడకీ భుజానికీ మధ్య మూలలో, కుడి చెయ్యి అతని తుంటి ఎముక మీద. రెండో బ్రిడ్జ్. అతను తిరిగి కిందికి దిగే లోపల తుంటిని ఎడమకి జరిపి, కుడి తుంటి మీదికి తిరగాలి. పాదాల మెలిక విప్పేది అప్పుడు. ఎడమ మోకాలు లోపలికి, కుడి చెయ్యి తుంటి వదిలి కండ మీదికి. మళ్లీ మొదటి వారం ఆటలోకి వచ్చినట్టు.

తప్పులు రెండు చోట్ల. ఒకటి, బ్రిడ్జ్, తుంటి జరపడం ఒకేసారి చెయ్యడం. పైకి ఎత్తుతున్నప్పుడు పక్కకి జరగడం కుదరదు, దిగేటప్పుడే కుదురుతుంది. రెండోది, క్రాస్‌ఫేస్ చేతిని ముఖంతో నెట్టడం. మెడ పట్టేస్తుంది, చెయ్యి కదలదు. ఈ కేసులో ఐదో వారం మెడ బిగుసుకుపోయి ఒక క్లాసు తగ్గించాల్సి వచ్చింది. ఆ తర్వాత పైవాడికి ఒక షరతు పెట్టాం: భుజం దవడ మీద కాకుండా చెంప పక్కన, మొత్తం బిగువు నూటికి అరవై మించకుండా. 39 ఏళ్ల మెడకీ 22 ఏళ్ల మెడకీ ఒకే డ్రిల్ పనికిరాదు. ఇది మొదటి రోజే పెట్టాల్సిన షరతు.

ఏడు, ఎనిమిది వారాలు: ఒకే దారం

నీ కట్ మొదలయ్యే చోటు నుంచి 5 నిమిషాల రౌండ్లు, పాయింట్లతో, క్లాసుకి మూడు. ఎక్కడ ఆగినా ఆట ఆపలేదు. వీడియో మళ్లీ తీశాం, మళ్లీ అవే నాలుగు ప్రశ్నలతో చూశాం.

సమాన బరువు జతగాళ్లతో క్రాస్‌ఫేస్ రౌండుకి ఒకటి, ఎప్పుడైనా రెండు. పడినా సగానికి పైగా సందర్భాల్లో కాలు ఊడేలోపే తిరిగి పక్కకి వచ్చేశాడు. స్వీపులు పెద్దగా పెరగలేదు. డాగ్‌ఫైట్ దాకా వచ్చి, అక్కడ ఒక క్షణం ఆలోచించి, ఆ క్షణంలోనే కిందకి పడటం ఎక్కువ. నిర్ణయం ముందే తీసుకుని లేవాలి. విజర్ ఎంత బిగువుగా ఉందో నాలుగో మెట్టులోనే తెలిసిపోతుంది, లేచాక వెతకాల్సిన సమాచారం కాదు. తమాషా ఏమిటంటే ఆ పాత సైడ్ కంట్రోల్ ఎస్కేపులు ఇప్పుడు పనిచెయ్యడం మొదలుపెట్టాయి, వాటిని ఈ ఎనిమిది వారాల్లో ఒక్కసారి కూడా డ్రిల్ చెయ్యలేదు. ముఖం ఇంకా పైవాడి వైపే ఉండగా పాస్ అవుతున్నాడు కాబట్టి, ఫ్రేములు (ముంజేతులతో అడ్డు) పెట్టడానికి సమయం దొరుకుతోంది.

బరువైనవాళ్లతో చిత్రం వేరు. 85 కిలోలవాడు నీ షీల్డ్ మీద వాలితే ఎత్తులో పెట్టిన మోకాలు ఛాతీ మీదికి మడిచిపోతుంది, పక్కటెముకలు నొప్పి పెడతాయి. మోకాలు తుంటి దగ్గరికి దించితే కొంత నయం, కానీ అప్పుడు పైవాడి చేతులు స్వేచ్ఛగా తల దగ్గరికి వస్తాయి. ఆ బరువుకి హాఫ్ గార్డ్‌లో ఎదురు నిలవడం కంటే, నీ కట్ మోకాలు దిగకముందే పాదం తుంటి మీద నిలబెట్టుకోవడం మేలనిపిస్తోంది. అంటే మరో మెట్టు వెనక్కి.

ఇంకోటి తేలలేదు. కాలర్ పట్టుకుని, ఛాతీ దింపకుండా, నిలబడే దూరం నుంచి నీ కట్ చేసేవాళ్లకి కండ మీద చెయ్యి అందదు. బ్యాక్ స్టెప్‌తో (కాలు వెనక్కి వేసి) రెండో వైపు తిరిగేవాళ్లకి నీ షీల్డ్ తప్పు దిక్కున ఉండిపోతుంది. తర్వాతి ఆరు వారాలకి మొదటిదే తీసుకున్నాం. ఆట మొదలయ్యేది పైవాడి కుడి చెయ్యి కాలర్‌లో ఉండగా. కిందివాడి మొదటి పని ఆ పట్టు విడిపించడం, రెండు చేతులతో మణికట్టు పట్టి, తుంటి వెనక్కి జరుపుతూ. విడిపించేలోపు మోకాలు మ్యాట్‌ని తాకితే రౌండు పోయినట్టే లెక్క.